తెల్లన్నం తెచ్చిన తంటా

నెల్లూరు అనగానే ఎవరికైనా మొలగొలుకులు గుర్తొస్తాయి. ఆ తరవాత చేపల పులుసు. రాబర్ట్ విలియమ్స్ అనే పేరు మాత్రం ఎవరికీ గుర్తు రాదు. ఆయన 1886లో నెల్లూరులోనే పుట్టాడు. అమ్మానాన్నా అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీలు. బియ్యం తెల్లగా కనపడాలని మనం తీసి గేదెల తొట్లో పోస్తున్న తవుడులో ఏముందో ఇరవయ్యారేళ్ళ పాటు వెతికి, చివరికి పట్టుకుని, దాన్ని కృత్రిమంగా తయారుచేసి చూపించినవాడు ఈయనే. బియ్యానికి పేరున్న ఊళ్ళో పుట్టిన మనిషి బియ్యంలో లేనిదాన్ని వెతకడానికి జీవితం పెట్టాడన్నమాట.

అయితే ఈ కథ విలియమ్స్‌తో మొదలవదు. మనిషి నాలుకతో మొదలవుతుంది.

తెల్లన్నం మీద మోజు ఒక్క మనదే కాదు. జపాన్‌లో తోకుగావా షోగున్ల కాలంలో ఎడో అనే పట్నం ఉండేది, ఇప్పటి టోక్యో. పల్లెల్లో రైతులు బార్లీ, చిరుధాన్యాలు కలుపుకుని తినేవాళ్ళు. పట్నం వచ్చిన సమురాయ్‌లు, వ్యాపారుల దగ్గర పనిచేసే కుర్రాళ్ళు మాత్రం బాగా దంచిన తెల్ల బియ్యం తినేవాళ్ళు. కొన్నాళ్ళకి కాళ్ళు లాగేవి, తిమ్మిర్లెక్కేవి, వాచేవి, గుండె దడ పుట్టేది. విచిత్రం ఏంటంటే సొంతూరికి వెళ్ళిపోతే తగ్గిపోయేది! అందుకని దానికి 'ఎడో జబ్బు' అని పేరు పెట్టారు. పట్నం గాలి పడలేదనుకున్నారు. 1866లో ఇరవయ్యేళ్ళ వయసులో షోగున్ ఇయెమోచి ఈ జబ్బుతోనే పోయాడు. తరవాత వచ్చిన మెయిజీ చక్రవర్తికీ ఈ బాధ తప్పలేదు. డబ్బున్నవాడికి వచ్చి లేనివాడిని వదిలేసే జబ్బులు అరుదు కదా, ఇది ఆ బాపతు.

దీన్నే మన దగ్గర బెరిబెరి అన్నారు. సింహళంలో 'చేతకాదు, చేతకాదు' అనే అర్థం వచ్చే మాట నుంచి వచ్చిందంటారు.

మన దగ్గర అని ఊరికే అనలేదు. 1835లో మద్రాసులో మాల్కమ్సన్ అనే కంపెనీ డాక్టరు బెరిబెరి మీద ఏకంగా ఒక పుస్తకం వేశాడు. ఆయన చూసిన రోగులు ఎక్కువగా ఉత్తర సర్కారుల్లోని సిపాయిలు. ఉత్తర సర్కారులంటే గంజాం నుంచి కిందికి గుంటూరు దాకా ఉన్న మన కోస్తా. ఇక్కడో సంగతి గమనించాలి. 1835 నాటికి మన ఊళ్ళల్లో రైసు మిల్లులు లేవు. ఎడోలోనూ లేవు. కాబట్టి "అంతా మిషన్ల వల్లే వచ్చింది, పూర్వం అంతా ఆరోగ్యమే" అనే వాట్సాప్ చరిత్ర ఇక్కడ పనికిరాదు. రోలూ రోకలితో కూడా గట్టిగా రెండు మూడు పోట్లు ఎక్కువ వేస్తే బియ్యం తెల్లబడతాయి. నాలుగు సార్లు కడిగి, గంజి వార్చి పారబోస్తే మిగిలిన కాస్తా కూడా పోతుంది. కోరిక ముందే ఉంది. 19వ శతాబ్దం చివర్లో వచ్చిన ఆవిరి మిల్లులు ఆ కోరికని కూలివాడి కంచం దాకా చవగ్గా తీసుకెళ్ళాయి, అంతే. అప్పటిదాకా కలిగినవాళ్ళ జబ్బుగా ఉన్నది జైళ్ళకీ, బారకాసులకీ, తోటల్లో కూలీల పాకలకీ, ఓడలకీ పాకింది.

మిల్లువాడికి ఇంకో సుఖం కూడా ఉంది. తవుడులో నూనె ఉంటుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైమూ అక్కడే ఉంటుంది. ముడి బియ్యం కొన్ని నెలల్లోనే ముక్కిన వాసన కొడుతుంది, పురుగూ త్వరగా పడుతుంది. తవుడు తీసేస్తే రంగూన్ నుంచి ఓడెక్కించి ఎక్కడికైనా పంపొచ్చు. మా భాషలో చెప్పాలంటే షెల్ఫ్ లైఫ్ కోసం ఒక ఫీచర్ పీకేశారు. ఆ ఫీచర్ మీద ఎన్ని ఆధారపడి ఉన్నాయో ఎవరూ చూసుకోలేదు.

సరే, డీబగ్గింగ్ ఎలా జరిగిందో చూద్దాం. నాకు ఈ చరిత్రలో బాగా నచ్చిన భాగం ఇదే, కొంచెం ఎక్కువ రాస్తాను, భరించండి.

జపాన్ నౌకాదళంలో తకాకి కనెహిరో అనే డాక్టరు ఉండేవాడు. లండన్‌లో చదువుకుని వచ్చాడు. ఆ రోజుల్లో నౌకాదళంలో ఏటా వందకి పాతిక మందికి పైగా బెరిబెరితో మంచాన పడేవాళ్ళు. 1882 డిసెంబరులో ర్యూజో అనే శిక్షణ ఓడ న్యూజీలాండ్, దక్షిణ అమెరికా, హవాయిల మీదుగా ప్రయాణం కట్టింది. 376 మందిలో 169 మందికి జబ్బు చేసింది. 25 మంది పోయారు. తకాకి గమనించింది ఏంటంటే ఆఫీసర్లకి తక్కువ, కింది నావికులకి ఎక్కువ. తేడా తిండిలో ఉంది. ప్రభుత్వాన్ని ఒప్పించి 1884లో త్సుకుబా అనే ఓడని దాదాపు అదే దారిలో పంపించాడు. తిండి మాత్రం మార్చాడు: మాంసం, పాలు, రొట్టె, బీన్సు, బార్లీ. 333 మందిలో జబ్బు చేసింది సుమారు పదిహేను మందికి. ఒక్కడూ చావలేదు. ఆ పదిహేను మందిలోనూ చాలామంది ఇచ్చింది తినకుండా మొండికేసినవాళ్ళే. ఒక్క వేరియబుల్ మార్చి మిగతావన్నీ అలాగే ఉంచి టెస్టు చేయడం అంటే ఇదే కదా. కొన్నేళ్ళలో నౌకాదళంలో బెరిబెరి దాదాపు మాయమైపోయింది.

తమాషా ఏంటంటే తకాకి చెప్పిన కారణం తప్పు. ప్రోటీన్ తక్కువై, పిండి పదార్థం ఎక్కువై జబ్బు వస్తోందన్నాడు. ఫిక్స్ పనిచేసింది, రూట్ కాజ్ మాత్రం వేరే. మాకు ఆఫీసులో ఇది రోజూ ఉండేదే.

ఇక సైన్యం సంగతి. జపాన్ సైన్యంలో చేరితే రోజుకి కావలసినంత తెల్లన్నం పెడతారు. పేద రైతు బిడ్డకి అదే పెద్ద ఆశ, ఇంటి దగ్గర పండగకి తప్ప దొరకని వస్తువు. అలాంటివాడికి బార్లీ కలిపి పెడితే "మా ఊళ్ళో తినేదే కదా ఇది, ఇందుకా వచ్చింది?" అనడూ? పైగా సైన్యం డాక్టర్లు జర్మనీలో చదివినవాళ్ళు. అది సూక్ష్మజీవుల శాస్త్రం వెలిగిపోతున్న కాలం. ప్రతి జబ్బుకీ ఒక క్రిమి ఉండాలి. వాళ్ళలో ఒకడు మోరి రింతారో. సాహిత్యం తెలిసినవాళ్ళకి మోరి ఓగై అంటే తెలుస్తుంది, జపాన్ గొప్ప రచయితల్లో ఒకడు, గేటే 'ఫౌస్ట్' ని జపానీలోకి తెచ్చినవాడు. ఆయన 1889లో ప్రయోగం చేసి మరీ చూపించాడు: తెల్లన్నం, బార్లీ అన్నం, పాశ్చాత్య భోజనం - మూడింట్లో ఒంటికి బలమిచ్చేది తెల్లన్నమే అని. ప్రయోగంలో అబద్ధం లేదు. కేలరీలు కొలిచాడు, నత్రజని కొలిచాడు. తవుడులో ఉన్న మూడో వస్తువు సంగతి అప్పటికి ప్రపంచంలో ఎవరికీ తెలియదు, కాబట్టి కొలవలేదు. అంతవరకూ క్షమించొచ్చు. కానీ పక్కనే నౌకాదళంలో జనం చావడం ఆగిపోయిందని కళ్ళెదుట కనపడుతున్నా "మీకు సిద్ధాంతం లేదు కదా" అని కొట్టిపారేయడం నాకు మింగుడు పడదు.

దాని ఫలితం: 1904-05 రష్యా యుద్ధంలో జపాన్ సైన్యంలో సుమారు రెండున్నర లక్షల మందికి బెరిబెరి సోకింది, దాదాపు 27 వేల మంది చనిపోయారు. తెల్లన్నం తిని చనిపోయారు. యుద్ధం సగంలో ఉండగా 1905లో గానీ సైన్యం బార్లీ కలపమని ఉత్తర్వు ఇవ్వలేదు.

ఇదే సమయంలో జావాలో డచ్చి డాక్టరు ఐక్‌మన్ క్రిమి కోసమే వెతుకుతున్నాడు. లాబ్‌లో కోళ్ళకి అచ్చం బెరిబెరి లాంటి జబ్బు చేసింది, కాళ్ళు పడిపోయాయి. కొన్నాళ్ళకి వాటంతట అవే లేచి తిరగడం మొదలుపెట్టాయి. ఏం మారింది అని ఆరా తీస్తే, మధ్యలో కొంతకాలం వాటికి మిలిటరీ ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం పెట్టారట. తరవాత వచ్చిన కొత్త వంటవాడు "సివిలియన్ కోళ్ళకి మిలిటరీ బియ్యం పెట్టడమేంటి, కుదరదు" అన్నాడట! ఆ వంటవాడి పిసినారితనానికి సైన్స్ రుణపడి ఉంది. తరవాత వోర్డర్‌మన్ అనే ఇన్‌స్పెక్టరు జావాలో వందకి పైగా జైళ్ళలో, సుమారు 2,80,000 మంది ఖైదీల లెక్కలు తీశాడు. ముడి బియ్యం పెట్టే జైళ్ళలో పదివేల మందికి ఒకరికి బెరిబెరి, తెల్ల బియ్యం పెట్టే జైళ్ళలో దాదాపు నలభై మందికి ఒకరికి. ఇంతకంటే ఏం కావాలి? అయినా ఐక్‌మన్ బియ్యంలో ఏదో విషం ఉందని, తవుడు దానికి విరుగుడని అనుకున్నాడు. విషం ఉండటం కాదు, అవసరమైనది లేకపోవడమే జబ్బు అని 1901లో ఆయన తరవాత ఆ లాబ్‌లో పనిచేసిన గ్రైన్స్ అన్నాడు. 'లేకపోవడం' వల్ల జబ్బు రావచ్చు అనే ఆలోచన అప్పటివాళ్ళకి ఎంత కొత్తగా ఉండి ఉంటుందో. నోబెల్ మాత్రం 1929లో ఐక్‌మన్‌కే వచ్చింది, హాప్‌కిన్స్‌తో కలిపి.

మలయాలో ఇంకో వింత. అక్కడి గనుల్లో చీనావాళ్ళకి బెరిబెరి వస్తోంది, రబ్బరు తోటల్లో తమిళ కూలీలకి రావట్లేదు. ఇద్దరూ మూడు పూటలా అన్నమే. తేడా ఏంటంటే తమిళులది ఉప్పుడు బియ్యం. వడ్లు నానబెట్టి, ఉడకబెట్టి, ఆరబెట్టి ఆ తరవాత దంచుతారు. అలా చేసేటప్పుడు పై పొరలో ఉన్న విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది, తరవాత పాలిష్ పట్టినా పూర్తిగా పోదు. 1905-06లో ఫ్లెచర్ అనే డాక్టరు కౌలాలంపూర్ పిచ్చాసుపత్రిలో పరీక్ష పెట్టాడు. పచ్చి బియ్యం పెట్టిన 120 మందిలో 36 మందికి జబ్బు వచ్చింది, 18 మంది పోయారు. ఉప్పుడు బియ్యం పెట్టిన 123 మందిలో ఇద్దరికే, అదీ వచ్చేటప్పటికే ఉన్నది. (పాపం ఆ రోగులని ఎవరూ అడిగి ఉండరు.) మన కోస్తాలో ఎక్కువమంది తినేది పచ్చి బియ్యం. ఉప్పుడు బియ్యం ఇడ్లీకి తప్ప మనకి పెద్దగా నచ్చదు, వాసనంటాం. ఆ ఒక్క అయిష్టం వల్ల తమిళనాడుకి, కేరళకి లేని బెరిబెరి మన సర్కారు జిల్లాలకి అంటుకుంది.

ఈ జబ్బు కోసమే 1918లో మెకారిసన్ అనే డాక్టరు కూనూరులో ఒక్క గదిలో 'బెరిబెరి విచారణ' అని ఒక చిన్న లాబ్ పెట్టాడు. అదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదు వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. అదే, మన తార్నాకలో ఉన్నది! ఆ దారిలో ఎన్నిసార్లో బస్సులో వెళ్ళి ఉంటాను, దాని పుట్టుకకి మన తెల్లన్నంతో ఇంత దగ్గర చుట్టరికం ఉందని తెలిసింది ఈ మధ్యే.

మళ్ళీ విలియమ్స్ దగ్గరకి వద్దాం. 1910లో మనీలాలో వెడ్డర్ అనే సైనిక డాక్టరు ఆయనకి తవుడు కషాయం ఇచ్చి "ఇందులో ఏముందో తేల్చు" అన్నాడు. ఫిలిప్పీన్స్‌లో తవుడుని టికి-టికి అంటారు. తల్లి తిండిలో ఆ పదార్థం లేకపోతే చనుబాలలో ఉండదు, మూడు నాలుగు నెలల పసిపిల్లలు గొంతు పోయి, గుండె ఆగి చనిపోతారు. అలాంటి బిడ్డ నోట్లో ఆ కషాయం చుక్కలు వేస్తే గంటల్లో తేరుకోవడం విలియమ్స్ కళ్ళారా చూశాడు. అది చూసినవాడు ఇక వదిలిపెట్టలేడనుకుంటాను. అమెరికా వెళ్ళాక ఉద్యోగం ఎక్కడో తెలుసా? బెల్ ల్యాబ్స్‌లో. కెమికల్ డైరెక్టరు. పగలు టెలిఫోను కేబుళ్ళ ఇన్సులేషన్ చూసుకునేవాడు, తీరిక వేళల్లో తవుడు. 1912లో ఫంక్ 'విటమిన్' అనే పేరు పెట్టేశాడు, 1926లో జావాలో యాన్సెన్, డోనాట్ స్ఫటికాలు తీశారు, అయినా ఆ పదార్థం నిర్మాణం ఏంటో తేలలేదు. ఒక టన్ను తవుడు పడితే చేతికొచ్చేది కొద్ది గ్రాములు. 1936లో విలియమ్స్ బృందం థయమిన్ నిర్మాణం తేల్చి, తయారు చేసి చూపించింది. దాని మీద వచ్చిన రాయల్టీలు పోషకాహార లోపాల మీద పని చేయడానికి ఒక నిధిగా పెట్టారు. సైడ్ ప్రాజెక్టులు మొదలుపెట్టి రెండు వారాల్లో వదిలేసే నాలాంటివాళ్ళు ఈ పేరాని రెండు సార్లు చదవాలి.

ఇంతకీ మనిషికి రోజుకి కావలసిన థయమిన్ ఎంతో తెలుసా? ఒక మిల్లీగ్రాము పైచిలుకు. బియ్యపు గింజ బరువులో ఇరవయ్యో వంతు! ఒంట్లో నిల్వ ఉండేది ముప్ఫై మిల్లీగ్రాములే, రెండు మూడు వారాలకి ఖాళీ. పైగా పిండి పదార్థాన్ని శక్తిగా మార్చడానికే అది ఖర్చవుతుంది. అంటే తెల్లన్నం థయమిన్ తేదు సరికదా, ఉన్నదాన్ని కూడా వాడేస్తుంది. ముడి బియ్యం వంద గ్రాముల్లో సుమారు 0.4 మిల్లీగ్రాములుంటే బాగా పాలిష్ పట్టినదాంట్లో 0.1 కూడా ఉండదు. పక్కన పప్పు, ఉలవచారు, వేరుశనగ ఉన్నవాడు బతికిపోతాడు. అన్నం, పచ్చడి మెతుకులతో గడిపేవాడికి లేదు.

అలాగని "దంపుడు బియ్యానికి తిరిగి వెళ్దాం" అనే ఉపన్యాసం నేను ఇవ్వలేను. గాంధీగారు 1930ల్లో మిల్లు బియ్యానికి వ్యతిరేకంగా చాలా రాశారు. 1958లో దంపుడు పరిశ్రమని కాపాడటానికి బియ్యం మిల్లుల మీద కేంద్ర చట్టం వచ్చింది, 1997లో రద్దయింది. మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా అమ్మమ్మ దగ్గర ఈ దంపుడు బియ్యం గొప్పతనం ఎత్తాను. మొత్తం విని "ఎవర్రా నీకు చెప్పింది? దంచినోళ్ళు చెప్పారా, తిన్నోళ్ళు చెప్పారా?" అంది. కోడికూతకి ముందే లేచి ఇంటిల్లిపాదికీ దంచేదట, పురుళ్ళకి ముందు కూడా. ఊళ్ళో మిల్లు పెట్టిన రోజు ఆడవాళ్ళంతా కొబ్బరికాయ కొట్టారట. "కావాలంటే రోలు అక్కడే ఉంది, నువ్వు దంచుకో నాయనా" అంది. నోరు మూసుకుని తెల్లన్నం తిన్నాను. మిల్లు లాక్కున్నది తవుడునైతే, ఇచ్చింది ఆవిడ తెల్లవారుజాముల్ని. తూకం వేసేటప్పుడు రెండూ వేయాలి.

ఇంకోటి, తెలుపు అంటే మనకి రుచి ఒక్కటే కాదు, హోదా. దొడ్డు బియ్యం తినేవాడు, సన్న బియ్యం తినేవాడు అని మనుషుల్ని విడదీసిన దేశం మనది. జొన్న గటక తిన్న ఇంట్లోంచి సన్నన్నం తినే ఇంట్లోకి వెళ్ళడమే చాలా కుటుంబాల చరిత్ర. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు అది తిండీ, మర్యాదా రెండూ. 2025 ఉగాదికి తెలంగాణలో రేషన్ మీద సన్న బియ్యం మొదలుపెట్టారు. దాన్ని వెక్కిరించే డైటీషియన్లని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మూడు తరాలు పాలిష్ బియ్యం తిని, విసుగొచ్చి, రాగులూ కొర్రలూ ఆర్గానిక్ షాపులో కొనుక్కునే మనం, ఇప్పుడే కంచంలో తెలుపు చూస్తున్నవాడికి చెప్పేదేముంది?

బెరిబెరి మన దగ్గర దాదాపు పోయింది. తిండిలో పక్క పదార్థాలు పెరగడం వల్ల, బియ్యం మారడం వల్ల కాదు. ఆ కుర్చీలో ఇప్పుడు షుగరు కూర్చుంది. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మంది. దీనికీ తెల్లన్నమే మొత్తం కారణం అంటే తకాకి చేసినట్టే అవుతుంది. అదే బృందం 2025లో ఇచ్చిన ఫలితాల్లో, తెల్లవి మాని ముడి ధాన్యాలు, చిరుధాన్యాలు తింటే చాలదు, మొత్తం పిండి పదార్థమే తగ్గాలి అని తేలింది. అంటే రంగు కాదు, ముద్దల సంఖ్య. అది ఇంకా కష్టం.

2021 ఆగస్టు 15న రేషన్ బియ్యంలో పోషకాలు కలుపుతామని ప్రధాని ప్రకటించారు. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12. అందులో ఫోలిక్ ఆమ్లాన్ని 1940ల్లో లెడర్లీలో తయారు చేసిన బృందానికి నాయకుడు యల్లాప్రగడ సుబ్బారావు, ఊరు భీమవరం. నెల్లూరాయన వస్తువు మాత్రం ఆ తప్పనిసరి జాబితాలో లేదు.

తవుడు ఏమవుతోంది అంటారా? ఇప్పుడు దాన్నుంచి నూనె తీసి, గుండెకి మంచిదని సీసాల్లో మనకే అమ్ముతున్నారు. థయమిన్ నీళ్ళలో కరిగే రకం, నూనెలోకి రాదు. నూనె తీసిన తవుడులోనే మిగిలిపోతుంది. ఆ తవుడు లారీలకెక్కి చేపల చెరువులకి మేతగా వెళ్తోంది, భీమవరం, కైకలూరు వైపు.